‘గుడ్’ అని రాస్తే సరిపోతుందా?

పోయిన సెమిస్టర్ చివర్లో అందరికీ వచ్చినట్టే నాకూ ఫీడ్‌బ్యాక్ లింకు వచ్చింది. నింపకపోతే హాల్ టికెట్ రాదన్నారు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి పది ప్రశ్నలు. అన్నిటికీ 5 కొట్టుకుంటూ పోయిన. చివర్లో ‘మీ సూచనలు’ అని ఖాళీ డబ్బా ఉంటే ‘గుడ్’ అని రాసి సబ్మిట్ చేసిన. మొత్తం కలిపి రెండు నిమిషాలు. మీరు కూడా అంతే చేసి ఉంటారు, నాకు తెలుసు.

ఆ రాత్రి ఎందుకో మా ఊరి ప్రైమరీ స్కూల్ సారు గుర్తొచ్చారు.

మాది నల్లగొండ జిల్లాల దేవరకొండ అవతల ఒక పల్లె. చుట్టూ తండాలే. మా క్లాసులో సగం మంది ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లు. బడికి వచ్చిన మొదటి రోజు వాళ్లకు తెలుగు పుస్తకం అంటే మనకు సి ప్లస్ ప్లస్ మొదటి క్లాసు లెక్క. ఒక్క ముక్క అర్థం కాదు. మా సారు ఏం చేసేవారంటే, ‘అమ్మ’ అని బోర్డు మీద రాసి, “మీ ఇంట్ల ఏమంటరు రా?” అని అడిగేవారు. వాళ్లు “యాడి” అనేవాళ్లు. ‘నీళ్లు’ అని రాస్తే “పాణి” అనేవాళ్లు. అట్లా రెండు వరసలు బోర్డు నిండా ఉండేవి. నాకు లంబాడీ వచ్చింది, వాళ్లకు తెలుగు వచ్చింది. ఎవరూ ఎవర్నీ వెక్కిరించింది లేదు. ఇది సారుకు ఏ ట్రైనింగులో చెప్పింది కాదు, ఆయనకే తోచింది.

అదే సారు లెక్కలు చెప్పాలంటే మాత్రం ఇబ్బంది పడేవారు. భాగహారం అంటే బోర్డు మీద చేసి చూపించి, ఎక్కించుకోమనేవారు. ఎందుకు అట్లా చేస్తారో నాకు ఎనిమిదో తరగతి దాకా తెలవలేదు.

మేము నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ రెండు వరసల బోర్డు ఆగిపోయింది. ఎందుకో అప్పుడు తెలియదు. మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు రిటైరైన సారును కలిసి అడిగిన. నవ్వి అన్నారు: “ఒక పెద్దసారు తనిఖీకి వొచ్చిండు బిడ్డా. బోర్డు చూసి, ‘ఇది పాఠ్యపథకంల ఉన్నదా?’ అన్నడు. లేదన్న. రిజిస్టర్ల రాసుకొని పోయిండు. మనకెందుకులే అని బంద్ చేసిన.”

కాసేపాగి ఇంకో మాట కూడా అన్నారు: “ముప్పై ఏండ్ల సర్వీసుల నా పాఠం మొదటికెల్లి చివరిదాకా కూసొని చూసినోళ్లు ఒక్కరు లేరు.”

నా వాదనంతా ఈ మాట చుట్టే. మన బళ్లకు తనిఖీ వస్తుంది, తోడు రాదు.

తనిఖీకి వచ్చేవాళ్లు హాజరు చూస్తారు, మధ్యాహ్న భోజనం లెక్క చూస్తారు, యాప్‌లో ఫోటో ఎక్కించారా అని అడుగుతారు. అవి అవసరమే, కాదనను. కానీ సారులో ఉన్న ఆ ప్రత్యేకమైన తెలివి ఎక్కడుందో కనిపెట్టి, “ఇది బాగుంది, ఇంకాస్త పెంచండి, లెక్కల్లో కూడా ఇదే పద్ధతి పెట్టి చూద్దామా” అని పక్కన నిలబడే మనిషి ఎవరు? లంబాడీ మాటలతో తెలుగు చెప్పగలిగిన మనిషి, చింతగింజలతో భాగహారం చెప్పలేడా? చెప్పగలడు. చూపించేవాళ్లు లేరు, అంతే.

ఇది మా సారు ఒక్కరి బాధ అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అట్టడుగు. మా నల్లగొండ 64 శాతం. పాలమూరు నుంచి ముంబై, పుణె దాకా పనికి పోయే కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడికి దూరమై మళ్లీ వస్తారు. ఇలాంటి చోట ట్యూషన్లు, యూట్యూబ్ తర్వాతి మాట. టీచరు ఒక్కరే దిక్కు. ఆ ఒక్కరు ఎదగకపోతే పిల్లలకు ఇంకో దారి లేదు.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని కాదు. చుట్టుపక్కల చిన్న బళ్లను ఒక హైస్కూలుకు జతచేసే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964–66 నాటి కొఠారి కమిషన్ది. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలై 1996 దాకా నడిచిన ఏపీపెప్ ప్రాజెక్టు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టి, టీచర్లు కలిసి కూర్చుని ఒకరి పని ఒకరికి చూపించుకునే అలవాటు చేయాలని చూసింది. తెలంగాణలో 2022 ఆగస్టులో వచ్చిన ‘తొలిమెట్టు’ ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని మొదలైంది. అందులో నెలనెలా సమీక్షలు కూడా ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం అయితే ప్రతి టీచరు ఏడాదికి 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంటుంది.

గంటలు లెక్కపెట్టడం తేలిక. కానీ హాల్లో 100 మందిని కూర్చోబెట్టి పీపీటీ చూపిస్తే వచ్చేది వేరు, సొంత క్లాసులో సొంత పిల్లల ముందు దిద్దుకుంటే వచ్చేది వేరు. ఈత గురించి లెక్చర్ విని బావిలో దూకినట్టుంటుంది.

దక్షిణాఫ్రికాలో దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు. అక్కడి నార్త్ వెస్ట్ ప్రావిన్సులో సెట్స్వానా మాట్లాడే పిల్లల బళ్లను తీసుకున్నారు. పాఠ్యపథకాలు, పుస్తకాలు అందరికీ ఒకటే. కొందరు టీచర్లను ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు. ఇంకొందరి దగ్గరికి కోచ్‌లు క్లాసురూముకే వచ్చి, పాఠం చూసి, తర్వాత కూర్చుని మాట్లాడారు. రెండేళ్ల తర్వాత చూస్తే చదవడంలో పిల్లలు సాధించిన మెరుగుదల రెండో పద్ధతిలో దాదాపు రెట్టింపు. అమెరికాలో 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు కూడా కోచింగ్ పనిచేస్తుందనే తేల్చారు. అయితే పథకం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడుతుందని కూడా చెప్పారు. అంటే రాష్ట్రమంతా ఒక్క జీవోతో జరిగిపోయే పని కాదు ఇది.

“జీతాలు బాగనే వస్తున్నయ్ గదా, ఇంక తోడెందుకు?” అని మా రూమ్మేట్ అన్నాడు. వాడితో వాదించాల్సిన పని లేకుండా వాళ్ల అక్కే జవాబు చెప్పింది. ఆమె 2024 డీఎస్సీలో ఎస్జీటీగా ఎంపికై నారాయణపేట జిల్లాలో చేరింది. ఆ ఏడు రాష్ట్రంలో దాదాపు 10 వేల మంది అట్లా కొత్తగా చేరినవాళ్లే. అక్క బొమ్మలు గొప్పగా వేస్తుంది. బోర్డు మీద ఎద్దుబండి గీస్తే పిల్లలు నోరు తెరిచి చూస్తారట. “కానీ బొమ్మ అయిపోయినంక పాఠంలకి ఎట్ల పోవాల్నో నాకు తెలుస్తలేదు తమ్ముడూ. వెనక బెంచిల ఎవరన్నా కూసొని చూసి చెప్తే బాగుండు. పెద్దసార్లను అడుగుదామంటే, రానట్టున్నది అనుకుంటరేమో అని భయం” అంది.

చివరికి అక్క, పక్క ఊరి బడిలో ఇంకో మేడం ఒప్పందానికి వచ్చారు. వారానికోసారి పది నిమిషాల పాఠాన్ని, పిల్లల మొహాలు పడకుండా బోర్డు వైపు మాత్రమే, ఫోన్లో తీసి ఒకరికొకరు పంపించుకుంటారు. ఒక మంచి, ఒక సందేహం. అంతకుమించి చెప్పొద్దని నియమం. మొదటి వీడియో చూసి ఆ మేడం ఏమందంటే: “ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పేస్తున్నవు, ఐదు లెక్కపెట్టి ఆగు.” అక్క ఆగడం మొదలుపెట్టింది. ఎప్పుడూ మాట్లాడని ఇద్దరు పిల్లలు చెయ్యెత్తారట.

మనకు ఇది కొత్తేం కాదు. కోడ్ రివ్యూ అంటే ఇదే కదా! ‘లైన్ 42లో లూప్ ఆగట్లేదు’ అంటే నేర్చుకుంటాం. ల్యాబ్ రికార్డు మీద చూడకుండా సంతకం పెడితే ఏం నేర్చుకున్నామో మనకే ఎరుక. ఇంకో సంగతి, కోడ్ రివ్యూ చేసే దోస్తు మన మార్కులు కోయడు. అందుకే తప్పు దాచిపెట్టం. బళ్లో కూడా పాఠం చూసి సలహా ఇచ్చే మనిషి, మెమో ఇచ్చే మనిషి ఒక్కరే కాకూడదు. మా సారు బోర్డు తుడిచేసింది సలహాకు కాదు, రిజిస్టరుకు.

కాబట్టి నేను అడిగేది పెద్ద పథకం కాదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో లెక్కలూ సర్క్యులర్లూ ఒక గంటలో ముగించి, మిగతా పూట నిజమైన పిల్లలతో ఒక టీచరు పాఠం చెప్తే మిగతావాళ్లు కూర్చుని చూడాలి. నెలకొక్క టీచరు చాలు. అక్కడ మాట్లాడుకున్నది ఏ రిపోర్టులోకీ ఎక్కకూడదు. లెక్కల్లో గట్టి సారు, కథల్లో గట్టి మేడం ఒకరికొకరు తోడైతే, బయటినుంచి నిపుణుడు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

మరి మన వంతు? దసరా నాడు సారుకు ఆ రెండు వరసల బోర్డు గురించి చెప్పిన. దానివల్లే తండా పిల్లలు నాకు దోస్తులైనరని చెప్పిన. సారు చాలాసేపు మాట్లాడలేదు. “గది నీకు యాదికున్నదా?” అన్నారు. ముప్పై ఏళ్లలో ఎవరైనా ఆ మాట ముందే చెప్పి ఉంటే, ఆ బోర్డు ఆగేది కాదేమో.

ఈ సెమిస్టర్ లింకు వచ్చినప్పుడు ఆ ఖాళీ డబ్బాలో ‘గుడ్’ రాయను. ఏ క్లాసులో, ఏం చెప్పినప్పుడు అర్థమైందో, ఎక్కడ తప్పిపోయానో రాస్తాను. రెండు నిమిషాలకు బదులు ఇరవై నిమిషాలు పట్టొచ్చు, పట్టనీ. మీరు కూడా రాయండి. ఈలోపు మీ ఊరి బడి సారుకో, మేడంకో ఒక ఫోన్ కొట్టండి. “బాగా చెప్పేవారు సార్” అని కాదు, ఏం బాగా చెప్పేవారో చెప్పండి.