డ్రిప్పు సరే, బోరు మాటేమిటి?



గత ఆదివారం మీ పత్రిక రైతు పేజీలో డ్రిప్పు వ్యాసం చదివితే మా శ్రీ సత్యసాయి జిల్లాకు ఇక కరువు బాధే లేదనిపించింది. డ్రిప్పుతో సగం నీళ్లు మిగులుతాయట, భూగర్భజలం తనంతట తానే పెరుగుతుందట! నీళ్లు ఆదా అవుతాయన్నది ఒప్పుకుంటాను. గంటకు నాలుగు లీటర్ల చొప్పున మొక్క మొదట్లోనే పడితే కలుపూ తగ్గుతుంది, కూలీ ఖర్చూ తగ్గుతుంది. కానీ మిగిలిన నీళ్లు బోరులోనే ఉండిపోతాయని మీకెవరు చెప్పారు? ఎకరా టమాటాకు సరిపోయే నీళ్లతో రెండెకరాలు తడిస్తే ఏ రైతైనా రెండో ఎకరం బీడు పెడతాడా? పెట్టమనే హక్కు మనకూ లేదు. సబ్సిడీ ఇచ్చేదీ ఎకరాల లెక్కనే. కాలువ కట్టి పారించే రోజుల్లో వృథా అనుకున్న నీళ్లలో కొంత ఇంకి మళ్లీ భూమిలోకే చేరేది. ఇప్పుడు అదీ రెండో ఎకరంలో ఆకుల గుండా ఆవిరైపోతోంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ రాతినేలలో నీళ్లు నిలిచేది పైనున్న మొరంలో, కింది పగుళ్లలో. అంతకుమించి చోటెక్కడ?

డ్రిప్పు మాటెత్తితే ఇజ్రాయెల్ పేరు రావాల్సిందే. అక్కడ 1959 చట్టంతో నీళ్లన్నీ ప్రజల ఆస్తి అయ్యాయనీ, సేద్యానికి కోటా కట్టి, మీటరు పెట్టి ఇస్తారనీ మీ వ్యాసకర్త ఒక్క ముక్కైనా రాయలేదు. పైపులు తెచ్చుకున్నాం, పద్ధతి అక్కడే వదిలేశాం. ఇక ఆ వ్యాసం పక్కన వేసిన ఫొటో! నిగనిగలాడే కొత్త పైపులు! మా ఉప్పునీళ్లకు రంధ్రాల దగ్గర తెల్లటి పొర కట్టి, సాలు చివరి మొక్కలు వాడిపోయే ఫొటో ఎన్నడైనా వేశారా? ఫిల్టరు కడగడం, పైపుల్లో యాసిడ్ పారించడం నేర్పే నాలుగు వాక్యాలు రాస్తే మీ పేజీ అరిగిపోతుందా?

‘అయితే డ్రిప్పు వద్దంటారా?’ అని అడుగుతారు. కావాలి, కానీ షరతు మీద. మా జిల్లాలోనే నల్లచెరువు మండలం గొరంట్లవారిపల్లెలో రైతులు బోర్లను పైపులతో కలిపి, బోరు లేనివాళ్లకూ నీళ్లిచ్చి, కొత్త బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. సబ్సిడీ ముందు ఇలాంటి ఊళ్లకు దక్కాలి. కొత్త బోరుకు అనుమతి ఉండాలనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, దాన్ని అడిగేవాళ్లే లేరు. ఈసారి ఏ ఊళ్లోనైనా డ్రిప్పు వేసిన ఎకరాల లెక్క అచ్చువేసినప్పుడు, పక్కనే మే నెలలో ఆ ఊరి బోర్లలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో కూడా వేయండి.

– ఒక పాఠకుడు, పుట్టపర్తి