పెట్రోలు బోటుకు లైఫ్ జాకెట్టు ఒక్కటే రక్షణ కాదు

సూర్యలంక తీరానికి జనం రాక ఏటికేడు పెరుగుతున్న సంగతి తెలిసిందే. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు తెనాలి, గుంటూరు, చీరాల వైపుల నుంచి తరలివచ్చేవారి మాట అటుంచితే, ఇప్పుడు మామూలు ఆదివారాల్లో కూడా బాపట్ల రోడ్డు మీద కార్లు బారులు తీరుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం కింద ఈ తీరం అభివృద్ధికి నిధులు కూడా మంజూరైనాయి. జనం వచ్చే చోటికి షికారు బోట్లు వస్తాయి. నీటి మీద మోటారు సైకిలు మాదిరి పరుగెత్తే జెట్ స్కీలు వస్తాయి. ఇవి నిజాంపట్నం రేవులో అందరికీ అలవాటైన డీజిలు ఇంజన్ల వంటివి కావు. వీటిలో చాలా భాగం పెట్రోలుతో నడిచేవే. ఈ ఒక్క తేడా ఎంత పెద్దదో బోటు నడిపేవారికి, ఎక్కేవారికి, అనుమతులిచ్చేవారికి ముందుగానే తెలిసి ఉండటం ఎంతైనా అవసరం.

బోటు ప్రమాదం అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది మునక. అందులో వింత లేదు. 2017 నవంబరులో కృష్ణానదిలో పవిత్ర సంగమం వద్ద 20 మందికి పైగా, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద సుమారు 50 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత ఎక్కడ చూసినా తలలు లెక్కపెట్టడం, జాకెట్లు తొడిగించడం మీదనే దృష్టి నిలిచింది. అది సబబే. అయితే బోటుకు నీరు ఒక్కటే శత్రువు కాదు. 2018 మే నెలలో దేవీపట్నం దగ్గర పాపికొండలకు వెళ్లే పర్యాటకుల బోటు మంటల్లో చిక్కింది. అదృష్టవశాత్తు ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో మొదలైన మంట తెల్లవారే లోపల సుమారు 40 బోట్లను మింగింది. ట్యాంకుల్లోని డీజిలు, వంటకు పెట్టుకున్న గ్యాసు సిలిండర్లు ఆ మంటకు ఆజ్యమైనాయి. ఒడ్డుకు కట్టిన బోట్లకే ఆ గతి పడితే, నీటి నడుమ మనుషులతో ఉన్న పెట్రోలు బోటు సంగతి చెప్పనవసరం లేదు.

పెట్రోలుకూ డీజిలుకూ తేడా వాసనలోనూ ధరలోనూ మాత్రమే ఉందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. డీజిలు మామూలు వేడిలో అంతగా ఆవిరి కాదు. కాబట్టి దాని పక్కన బీడీ కాల్చిన మనిషి ఇరవై ఏళ్లు కాల్చినా ఏమీ కాకపోవచ్చు. (వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో డీజిలును కూడా అంతగా నమ్మరాదు. అది వేరే సంగతి.) పెట్రోలు అలా కాదు. మంచు గడ్డకట్టే చలిలో కూడా, సున్నాకు 40 డిగ్రీలు దిగువన సైతం, అంటుకోగల ఆవిరిని అది విడుస్తూనే ఉంటుంది. ఇక ఈ తీరపు ఎండలో ఎంత విడుస్తుందో ఊహించుకోవచ్చు. డీజిలు బోటు మీద ఇరవై ఏళ్లు పనిచేసిన సరంగు రేపు పెట్రోలు బోటు ఎక్కితే, అతని అనుభవం తుఫాను గాలికి పనికి వస్తుంది, అలలకు పనికి వస్తుంది. ఇంధనం దగ్గర మాత్రం పాత అలవాటే అతనికి శత్రువవుతుంది. "ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమైంది?" అనే మాటకు జవాబు ఇదే: ఇన్నేళ్లుగా చేసింది డీజిలుతో.

రెండో సంగతి మరీ ముఖ్యమైనది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పొగలా పైకి లేచి పోదు. వరి మళ్లకు వదిలిన కాలువ నీరు పల్లం వెతుక్కున్నట్లు, ఈ ఆవిరి బోటు అడుగును వెతుక్కుంటుంది. పైన నిలబడినవారికి కంటికి కనబడదు, ఒక్కొక్కసారి ముక్కుకూ తెలియదు. ఒక టీ గ్లాసెడు పెట్రోలు కారి పూర్తిగా ఆవిరైతే చాలు, ఘనమీటరు పైచిలుకు గాలి పేలుడు మిశ్రమంగా మారగలదు. అంటే చిన్న బోటు ఇంజను గది నిండా మందుగుండు దట్టించినట్లే. వంద పాళ్ల గాలిలో ఒకటిన్నర పాలు ఆవిరి కలిసినా అది అంటుకుంటుంది. స్టార్టరు నొక్కినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ అందుకు సరిపోతుంది. అందుచేతనే ఇటువంటి పేలుళ్లు నడిచే బోటులో కంటే, పెట్రోలు పోసుకుని మళ్లీ ఇంజను వేయబోయే క్షణంలో ఎక్కువగా భయపెడతాయి.

డెల్టా గ్రామాల పెద్దలకు ధాన్యం పాతరల సంగతి తెలుసు. చాలాకాలం మూసి ఉన్న పాతర తెరిచిన వెంటనే మనిషిని దించేవారు కాదు. మూత తీసి, గాలి ఆడిన తరువాతనే దించేవారు. లోపల చెడ్డగాలి అడుగున పేరుకుని ఉంటుందని వారికి ఎవరూ బడిలో చెప్పలేదు. బోటు ఇంజను గదికి కూడా అదే సూత్రం. తేడా ఒక్కటే. పాతరలో దీపం దించి చూసేవారు, ఇక్కడ దీపం దించితే చూడటానికి మనిషి మిగలడు.

అమెరికాలో షికారు బోట్ల పేలుళ్లతో విసిగి ప్రభుత్వం 1980లో ఒక నిబంధన తెచ్చింది. మూసిన గదిలో పెట్రోలు ఇంజను ఉన్న బోటుకు, ఆ గది అడుగు నుంచి ఆవిరిని బయటకు లాగే ఫ్యాను తప్పనిసరి చేసింది. ఇంజను వేయబోయే ముందు ఆ ఫ్యాను 4 నిమిషాలు నడపాలని, ఆపైన అడుగున వాసన చూడాలని బోటులోనే హెచ్చరిక రాసి పెట్టాలన్నది. ఫ్యాను ఉన్నంత మాత్రాన ముక్కుకు పని తప్పలేదన్న మాట. ఫ్యాను గొట్టం నోరు అడుగుకు దగ్గరగా ఉండాలి. పైన ఎక్కడో బిగిస్తే మంచి గాలిని లాగి, ఆవిరిని ఉన్నచోటనే ఉంచుతుంది. ఫ్యాను లేని చిన్న బోటులో మూతలన్నీ తెరిచి, గాలి ఆడేదాకా ఆగటమే మార్గం. జెట్ స్కీ సీటు కింద కూడా మూసిన గదే ఉంటుంది. పెట్రోలు పోసిన తరువాత సీటు ఎత్తి, వాసన చూసి, కాసేపు ఉంచి ఆపైన స్టార్టు చేయాలి. గిరాకీ వరుసలో నిలబడి ఉంటే ఆ కాసేపు ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది? ప్రమాదం ఉన్నది అక్కడే.

పెట్రోలు పోసే తీరు మరొకటి. బోటులో జనాన్ని కూర్చోబెట్టి డబ్బాతో, గరాటుతో పోయటం ఎంతమాత్రం తగదు. ముందు జనం దిగాలి, ఇంజను, స్విచ్చిలు, పొయ్యి ఆగాలి. చేత్తో ఎత్తగలిగిన ట్యాంకు అయితే బోటులో ఉంచి నింపకుండా ఒడ్డు మీద నేలపై పెట్టి నింపాలి. అప్పుడు కారిన చుక్కలు ఇసుకలో ఆరిపోతాయి, బోటు అడుగుకు చేరవు. నేల మీద పెట్టటం వల్ల ట్యాంకులో పుట్టే స్థిరవిద్యుత్తు భూమిలోకి పోయే వీలు కూడా ఉంటుంది. బోటులో ఒలికితే గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా ఒడ్డుకు చేర్చాలి. అడుగు నీటిని తోడే కరెంటు పంపు స్విచ్చి వేయటానికి తొందరపడరాదు, దానిలోనూ రవ్వ ఉంటుంది.

మరమ్మతుల్లో జరిగే పొదుపు ఇంకొక ముప్పు. బోటు కోసం తయారైన స్టార్టరు, డైనమో లోపలి రవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టంగా ఉంటాయి. చూడటానికి అదే మాదిరిగా ఉందని, ధర తక్కువని కారు స్టార్టరు తెచ్చి బిగిస్తే ఇంజను తిరుగుతుంది, నిజమే. కారు కింద గాలి ఆడుతుంది, బోటు అడుగున ఆడదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాత రకం రబ్బరు గొట్టాలు దీనికి మెత్తబడి, పగుళ్లు తీయవచ్చు. పాత ఇంజను కొన్నవారు మొదట మార్చవలసింది ఆ గొట్టాలనూ, వాటి క్లిప్పులనూ.

చట్టం లేక కాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒకరు ఉంచుకోదగిన పెట్రోలు 30 లీటర్లకు మించరాదు, అదీ అమ్మకానికి కాదు. గాజు సీసా అయితే ఒక లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు దాటరాదు. ఊళ్లలో కిరాణా కొట్ల ముందు రంగు రంగుల సీసాల్లో పెట్రోలు వేలాడుతుండటం చూస్తే ఈ చట్టం ఎంతమందికి తెలుసో అర్థమవుతుంది. రేపు తీరంలో షికారు బోట్ల షెడ్డు వెనుక క్యాన్లు పేరుస్తే అడిగేవారుండాలి.

నిజాంపట్నం వైపు రోజుల తరబడి వేటకు పోయే డీజిలు బోట్లవారు ఇది తమకు సంబంధించిన గొడవ కాదనుకోవచ్చు. వారి బోట్లలో గ్యాసు సిలిండరు ఉంటుంది. వంట గ్యాసు కూడా గాలి కంటే బరువే. పైపు కారితే ఆ గ్యాసు కూడా అడుగుకే చేరుతుంది. సిలిండరు గాలి ఆడే చోట, పైన ఉండాలి. వంట కాగానే రెగ్యులేటరు కట్టేయాలి. రేపల్లె దిగువ లంకల్లో చిన్న పడవలకు పెట్రోలు ఇంజను వెనుక తగిలించుకునేవారికి కొంత వెసులుబాటు ఉంది. ఇంజను బయట ఉంటుంది, గాలి ఆడుతుంది. కాని ట్యాంకును పలకల కిందనో, వలల కుప్ప కిందనో దాస్తే ఆ వెసులుబాటు పోతుంది.

సూర్యలంకలో పెట్రోలు బోటుకు అనుమతి ఇచ్చే ముందు పర్యాటక శాఖవారు, అగ్నిమాపక శాఖవారు కలిసి నాలుగు సంగతులైనా చూడాలి: గాలి లాగే ఏర్పాటు, గొట్టాలు, పొడి మందు నింపిన మంటలార్పే సిలిండరు, జనానికి దూరంగా పెట్రోలు పోసే చోటు. జాకెట్లు లెక్కపెట్టే మనిషే ఇవీ చూడవచ్చు. పెట్రోలు మంట మీద నీళ్లు కుమ్మరిస్తే మంట నీటిపై తేలి పరుచుకుంటుందన్న సంగతి కూడా సిబ్బందికి నేర్పాలి. బోటు యజమానులకు ఇది అదనపు ఖర్చు అనిపించవచ్చు. ఇంజను ఖరీదు ముందు ఈ ఖర్చు లెక్కలోనిది కాదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేటకు నిషేధం. బోట్లు ఒడ్డుకు చేరి, వలలు బాగు చేసుకునే రోజులవి. మత్స్యశాఖవారు ఆ రోజుల్లోనే రేవు రేవుకూ ఒక మెకానిక్కును వెంటబెట్టుకు వచ్చి, మూతలు తెరిపించి, గొట్టాలు, క్లిప్పులు, సిలిండరు పైపులు చూపించి పోతే, జూన్ 15 ఉదయం ఇంజను వేసేవారి చెయ్యి స్టార్టరు మీదకు పోయే ముందు మూత మీదకు పోతుంది.