తుమ్మే పిల్లికి ఇంట్లోని మందుల డబ్బా తెరవొద్దు

తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నెను చూసి పారిపోయిందంటే, అంతకుముందు వేడిపాలకు మూతి కాల్చుకోవడమే కారణం. జలుబు చేసిన పిల్లి గిన్నె ముందు కూర్చుని మొహం తిప్పుకుంటే మాత్రం కారణం వేరు. దానికి వాసన తెలియడం లేదు. తినాలా వద్దా అన్నది పిల్లి ఎక్కువగా ముక్కుతోనే తేల్చుకుంటుంది. ముక్కు మూసుకుపోతే ఎంత ఇష్టమైన చేపముక్కయినా దానికి పట్టదు. జలుబులో తుమ్ముల కన్నా పెద్ద ప్రమాదం ఇదే. కొన్ని రోజులు వరసగా తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లి జలుబు సాధారణంగా మనుషుల నుంచి అంటుకున్నది కాదు. ఎక్కువగా రెండు వైరస్‌లు దీనికి మూలం. పిల్లి హెర్పిస్ వైరస్ సోకితే తుమ్ములతో పాటు కళ్లు ఎర్రబడి పుసులు కడతాయి. కాలిసి వైరస్ అయితే నాలుక మీద పుండ్లు లేచి చొల్లు కారుతుంది. చాలా పిల్లులు వారం పది రోజుల్లో కోలుకుంటాయి. అయితే హెర్పిస్ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. నరాల్లో దాగి ఉండి, ఇల్లు మారినప్పుడో, కొత్త పిల్లి వచ్చినప్పుడో మళ్లీ తలెత్తుతుంది.

మన ఇళ్లలో అసలు చిక్కు మందుల డబ్బా దగ్గరే మొదలవుతుంది. ఒళ్లు వెచ్చగా ఉందని అర పారాసిటమాల్ మాత్ర వేయడం మంచి మనసుతో చేసే పనే కావచ్చు, కానీ అది విషం పెట్టడమే. మనిషి కాలేయం ఆ మందును గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రంలో బయటికి పంపుతుంది. పిల్లుల్లో ఆ పని చేయాల్సిన ముఖ్యమైన ఎంజైమ్ జన్యువు ఏనాడో పాడైపోయింది. మాంసం మీదే బతికే జంతువుకు మొక్కల్లోని విషాలను విరిచే అవసరం పెద్దగా లేకపోవడమే కారణం కావచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. విరగని మందు రక్తకణాలను దెబ్బతీస్తుంది, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయగలదు. మందుల షాపులో అట్ట మీద ఈ హెచ్చరిక ఉండదు గనుక, ఇంట్లో వాళ్లకే తెలిసి ఉండాలి.

కర్పూరం, యూకలిప్టస్ నూనె ఉన్న బామ్‌లూ పిల్లికి పనికిరావు. రాసింది రాసినట్టే నాకేస్తుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా వైరస్‌ను ఏమీ చేయదు. బ్యాక్టీరియా తోడైందో లేదో పశువైద్యులు చూసి చెప్పాలి. లైసిన్ పొడి సంగతీ ఇంతే. ఏళ్ల తరబడి పిల్లులకు పెట్టారు గానీ, 2015లో పరిశోధనలన్నిటినీ కలిపి సమీక్షిస్తే ఫలితం ఉందనడానికి ఆధారం దొరకలేదు.

మరి చేయాల్సింది? పెద్దగా ఏమీ లేదు, ఓపిక తప్ప. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ముక్కు, కళ్లు తుడవాలి. స్నానాల గదిలో వేడినీళ్లు పట్టి, తలుపు మూసి, నీళ్లు అందనంత దూరంలో పిల్లిని పది నిమిషాలు ఆవిరిలో కూర్చోబెట్టాలి. ఉప్పూకారం, ఉల్లి, వెల్లుల్లి లేని చేపనో కోడిమాంసాన్నో కాస్త వెచ్చచేసి పెడితే వాసన పైకి లేస్తుంది. ఒక పూట తినకపోతే చూడొచ్చు. రోజంతా ముట్టకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే క్షణం ఆగకూడదు. పిల్లికూనలు మరీ త్వరగా నీరసిస్తాయి, వాటి విషయంలో పూట కూడా ఎక్కువే.

కుక్కకు టీకా అనగానే కదిలే ఇళ్లు పిల్లి దగ్గరికి వచ్చేసరికి ‘బయటికి వెళ్లదుగా’ అంటాయి. కాలిసి వైరస్ చెప్పుల మీద, బట్టల మీద, చేతుల మీద కూడా ఇంట్లోకి రాగలదు. హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియా మూడింటికీ కలిపిన టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండే దాకా వేయిస్తారు. టీకా వేసినా తుమ్ములు రావచ్చు. అయితే జబ్బు అంతగా ముదరదు, పిల్లి తిండి మానేసే స్థితి చాలావరకు తప్పుతుంది.