ఆ ఎర్ర బండి కల కనే పిల్లలకు

బ్రూక్షాబాద్

ప్రియమైన మనవలకూ మనవరాళ్ళకూ,

సాయంత్రం పూట టీ కొట్టు దగ్గర మీరు ఫోన్లో డుకాటీ పనిగాలే వీ4 చూసుకుంటూ మాట్లాడుకునే మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. 2018లో వచ్చిన మొదటి బండి 1103 సీసీ, 214 హార్స్‌పవర్ అని మీలో చిన్నవాడు కూడా నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. నాకు సంతోషమే. శ్రీకాకుళం నుంచి మా నాన్న ఓడెక్కి ఈ అండమాన్ దీవికి వచ్చినప్పుడు మా ఇంట్లో సైకిలు కూడా లేదు. మీరు ఇటలీ బండి గురించి కలగంటున్నారు. కనండి. కానీ ఎంత వేగం, ఎంత ధర అన్న దగ్గరే మీ మాట ఆగిపోతోంది. దాన్ని అలా ఎందుకు చేశారని ఒక్కరూ అడగరు. ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

నేను బతుకంతా ఓడల ఇంజన్ల దగ్గర ఫిట్టరు పని చేసినవాణ్ణి కనుక వాల్వులతోనే మొదలుపెడతాను. మీ ఇంట్లో ఉన్న బండిలో వాల్వును క్యామ్ తోసి తెరుస్తుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ మూస్తుంది. ఇంజను మరీ వేగంగా తిరిగితే స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు. వాల్వు సీటు మీద కూర్చునేలోపే పిస్టన్ పైకి వచ్చి తగులుతుంది. వాల్వు వంగుతుంది, ఇంజను పోతుంది. 1950లలో స్ప్రింగుల ఉక్కు అంత నమ్మదగ్గది కాదు, తరచూ విరిగేది. 1954లో డుకాటీలో చేరిన ఫాబియో తాలియోనీ అనే ఇంజనీరు వాల్వు మూసే పనిని కూడా క్యామ్‌కే అప్పగించాడు. తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకో రాకర్. దీన్నే డెస్మోడ్రోమిక్, పొట్టిగా డెస్మో అంటారు. ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు, మెర్సిడెస్ రేసు కార్లలో అప్పటికే ఉంది. దాన్ని 125 సీసీ చిన్న మోటారు సైకిల్లో ఇమిడ్చి 1956లో స్వీడన్‌లోని హెడెమోరా రేసులో నెగ్గించడం మాత్రం ఆయన గొప్పతనం. ఆ చిన్న ఇంజను నిమిషానికి 12,500 చుట్ల దాకా తిరిగేది. లెక్క వేయండి: ఒక్కో వాల్వు సెకనుకు వందసార్లకు పైగా తెరుచుకుని మూసుకోవాలి. ఆ రాకర్లకూ వాల్వుకూ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలుస్తారు. అది చెడితే మొత్తం చెడినట్టే. అందుకే పనిగాలే వీ4కు 24,000 కిలోమీటర్లకు ఇంజను పైమూతలు విప్పి ఆ సందులు కొలిచి సరిచేయాలి.

ఇక అందం సంగతి. మీరు మురిసిపోయే ఆ ఆకారానికి మూలపురుషుడు మాస్సిమో తంబురీని. ఆయన పెద్ద చదువులు చదివి వచ్చినవాడు కాడు. రిమినీ ఊళ్ళో ఇద్దరు మిత్రులతో కలిసి హీటింగ్ పైపుల పనిచేసే కంపెనీ నడిపాడు. ముగ్గురి పేర్లలో ముందక్షరాలు కలిపితే ఆ కంపెనీ పేరు, బిమోటా. మిసానో ట్రాకు మీద తన హోండా 750తో పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాక, ఆ ఇంజనుకు తానే కొత్త ఫ్రేము కట్టుకున్నాడు. గొట్టాలు వంచి అతికే చెయ్యి ఎలాగూ ఉంది. ఆ చెయ్యే తరవాత, 1994లో అమ్మకానికి వచ్చిన డుకాటీ 916ను ఇచ్చింది. ఉక్కు గొట్టాల ఫ్రేము, సీటు కిందనుంచి బయటికొచ్చే రెండు సైలెన్సర్లు, వెనక చక్రాన్ని ఒకే వైపునుంచి పట్టుకునే స్వింగార్మ్. కార్ల్ ఫోగార్టీ ఆ బండి మీదే 1994, 1995 వరల్డ్ సూపర్‌బైక్ టైటిళ్ళు గెలిచాడు.

ఆ ఒంటి స్వింగార్మ్ దగ్గర కొంచెం ఆగండి. గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో చక్రం చిటికెలో మార్చడానికి అది అక్కరకొచ్చింది. కానీ బరువంతా ఒక పక్కనే మోయాలి కనుక, అది వంగకుండా లోహం ఎక్కువ వేయాలి. అంటే అందానికి బరువు కట్టాలి. 2003లో వచ్చిన 999లో డుకాటీ రెండు వైపులా పట్టుకునే స్వింగార్మ్ పెడితే అభిమానులు మొహం తిప్పుకున్నారు. 2007లో 1098తో ఒంటిది తిరిగి వచ్చింది. మళ్ళీ 2025 పనిగాలేలో రెండువైపులదే పెట్టారు. ఈసారి కారణం గట్టిది. బండిని బాగా పడుకోబెట్టి మలుపు తీసుకునేటప్పుడు రోడ్డు మీది గతుకులు టైరును పక్కనుంచి తోస్తాయి. అప్పుడు సస్పెన్షన్ సరిగా పనిచేయదు. స్వింగార్మ్ పక్కలకు కాస్త వంగితేనే టైరు రోడ్డును వదలదు. కొత్తది పాతదానికంటే తేలిక, పైగా ఆ వంగే గుణం కావాలని ఇచ్చిందే. ముప్పై ఏళ్ళు తమ ముద్రగా చెప్పుకున్న భాగాన్ని వాళ్ళే తీసి పక్కన పెట్టారు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం పెరిగింది అక్కడే.

డెస్మో కూడా అంతే. దూరప్రయాణాల కోసం చేసిన మల్టీస్ట్రాడా వీ4లో 2020 చివర్లో వాల్వులకు మళ్ళీ మామూలు స్ప్రింగులే పెట్టారు. ఇప్పటి ఉక్కు మంచిది, స్ప్రింగు విరగదు. పైగా వాల్వుల తనిఖీ 60,000 కిలోమీటర్లకు ఒకసారి చాలు. రేసుబండికి డెస్మో, ఊళ్ళు తిరిగే బండికి స్ప్రింగు. ఏ పని కోసమో దాన్నిబట్టి యంత్రం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పనిగాలే ఇంజను పైమూతలు మెగ్నీషియంవి. ఇంజన్లలో వాడే లోహాల్లో అంతకంటే తేలికైనది దాదాపు లేదు, సముద్రపు ఉప్పుగాలికి అంతకంటే త్వరగా చివికిపోయేదీ దాదాపు లేదు. పూత పగిలిన చోటునుంచి తెల్లగా పొడి రాలడం మొదలవుతుంది. ఇక్కడ మే నెలనుంచి డిసెంబరు దాకా వానలు, ఏడాదికి మూడు మీటర్ల నీరు. చెయిన్ కడిగి ఆరబెట్టి నూనె వేయకపోతే వారానికే ఎర్రబడుతుంది. వైరింగు కనెక్టర్ల పిన్నులు పచ్చబడి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. బ్రేకు కాలిపర్ పిస్టన్లు పట్టేస్తాయి. ఒక చిన్న ఓ-రింగు కావాలన్నా చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడ రావాలి. వీటికి జవాబు డుకాటీ ఉన్న బొలోన్యాలో దొరకదు. అక్కడివాళ్ళకు ఈ కష్టం తెలియదు. మీకు తెలుసు. కనెక్టరులో పిన్ను మీద నీటిబొట్టు నిలవకుండా ఎటు తిప్పి బిగించాలి? చెయిన్‌కు మూత పెడితే వేడి ఎటు పోతుంది? బయటినుంచి తెప్పించే సామాను ఎంత తగ్గించవచ్చు? తంబురీని తన పైపుల కొట్లో కూర్చుని తనకు తాను వేసుకున్నవి ఇలాంటి ప్రశ్నలే.

వేగం మాట ఒక్కసారే చెబుతాను. ఆ వీ4 మొదటి గేరులోనే వంద దాటిపోతుంది. వంద మీద వెళ్తూ ఎదురుగా ఆవును చూశారనుకోండి. మనసు చేతికి చెప్పేసరికే, ఒక సెకనులో, 28 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఇంకో 50 మీటర్లు కావాలి. వానలో మరీ ఎక్కువ. చిడియాటాపు రోడ్డు మీద 78 మీటర్లు తిన్నగా కనబడే చోటు ఎన్ని ఉన్నాయో మీరే వెళ్ళి చూసి రండి. బండి మీద కాదు, నడిచి. నేను ఈ ఊళ్ళో పాడెలు మోసినవాణ్ణి, వాటిలో కుర్రవాళ్ళవీ ఉన్నాయి. ఆ తల్లుల ముఖం చూడలేకపోయాను. హెల్మెట్ చేతికి తగిలించుకుని తిరిగేవాణ్ణి పేరు పెట్టి పిలిచి ఆపుతాను, ఏమనుకున్నా సరే.

మీలో ఐటీఐ చదివేవాళ్ళు ఉన్నారు, పాలిటెక్నిక్‌కు వెళ్ళేవాళ్ళు ఉన్నారు, ఏమీ చదవక ఖాళీగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ రావచ్చు. అమ్మాయిలు వెనకాడొద్దు, స్పానరు పట్టడానికి బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఈ ఆదివారం పొద్దున్న మా ఇంటి వెనక షెడ్డులో ఒక పాత వంద సీసీ ఇంజను హెడ్ విప్పుతున్నాను. వాల్వు స్ప్రింగు బయటికి తీసి, పొడవు వెర్నియర్‌తో కొలిచి, మాన్యువల్లో ఉండాల్సిన కొలతతో పోల్చి చూద్దాం. ఫీలర్ గేజీ నా దగ్గర ఉంది. నోటుపుస్తకం, పాత చొక్కా మీరు తెచ్చుకోండి. ఏడు గంటలకే రండి, తరవాత ఎండ షెడ్డులోకి వచ్చేస్తుంది.

ఇట్లు,
మీ తాత