ఎముకలో సున్నం పోతే మిగిలేదేమిటి?

ఎముక అంటే సున్నమే అన్న భావన మన ఇళ్లలో బలంగా నాటుకొని ఉన్నది. ఎముక విరిగినవారికి పాలు, రాగిజావ, నల్లేరు పచ్చడి పెట్టి, కాల్షియం మాత్రలు మింగించి, చేయవలసినదంతా చేశామని తృప్తి చెందుతాము. ఈ భావనలో సత్యం సగమే.

పాఠశాల పిల్లలు చేసే ప్రయోగం ఒకటి ఉన్నది. కోడి ఎముకను కొన్ని రోజులు వెనిగరులో నానబెడితే, ఆకారం చెడకుండానే అది రబ్బరువలె వంగుతుంది. అదే ఎముకను బాగా కాలిస్తే పెళుసై పొడి అవుతుంది. ఆమ్లం ఖనిజాన్ని కరిగించి మాంసకృత్తులను మిగిల్చితే, అగ్ని మాంసకృత్తులను దహించి ఖనిజాన్ని మిగిల్చుతుంది.

ఈ మిగిలిన మెత్తని భాగమే శస్త్రవైద్యులకు ఉపకరించినది. 1889లో అమెరికా శస్త్రవైద్యుడు నికొలస్ సెన్, ఆమ్లంతో ఖనిజం తీసివేసిన ఎద్దు ఎముకను రోగుల ఎముకలలోని గుంటలను పూరించడానికి వాడారు. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే వైద్యుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఖనిజం కరిగించిన ఎముకను జంతువుల కండరాలలో అమర్చగా, ఎముక ఉండవలసిన అవసరమే లేనిచోట కొత్త ఎముక పుట్టినది. ఎముకను పుట్టించే ప్రేరణ అందులోని కొన్ని మాంసకృత్తులలో ఉన్నదని, వాటిని కప్పి ఉంచిన ఖనిజం తొలగితే అవి తమ పని చేయగలవని తేలినది.

నేడు దాతల ఎముకలను శుభ్రపరచి, పొడిచేసి, ఆమ్లంతో ఖనిజం తీసి, కడిగి, వెన్నెముక శస్త్రచికిత్సలలోను, దవడ ఎముక పూరణలోను వాడుతున్నారు. అయితే ఇది బరువు మోయలేదు. మోయవలసినచోట లోహపు పలకలు, మరలు తప్పవు. రోగి తుంటి నుండి తీసిన సొంత ఎముకే నేటికీ మేలైనదిగా ఎంచబడుతున్నది.

శంఖాన్ని నిమ్మరసంలో ఉడికించి శోధించే మన రసశాస్త్ర విధానం ఇక్కడ కొందరికి స్ఫురించవచ్చును. కాని అక్కడ శోధన తరువాత పుటం పెట్టి సున్నపు భస్మాన్నే గ్రహిస్తారు. ఇక్కడ సున్నాన్నే పారవేస్తారు. సుశ్రుతుడు ఆరు విధాల సంధిముక్తములను, పన్నెండు విధాల కాండభగ్నములను వర్ణించి, కట్లు కట్టే పద్ధతి చెప్పినాడు. ఆ గౌరవం ఆయనకు చాలును. ఈ నూతన విద్యను కూడ ఆయనకే అంటగట్టడం వలన ఆయుర్వేదానికి ఒరిగేదేమీ లేదు.

నా అభిప్రాయంలో గృహస్థులకు ముఖ్యమైన విషయం వేరు. పంటి వైద్యంలో వాడే కొన్ని పూరకాలు పశువుల ఎముకల నుండి మాంసకృత్తులను తొలగించి, ఖనిజాన్ని మాత్రమే మిగిల్చి చేసినవి. శాకాహారులైనా, కాకపోయినా, తమ దేహంలో పెట్టే పదార్థం మనిషిదా, పశువుదా, ప్రయోగశాలలో చేసినదా అన్నది తెలుసుకొనే హక్కు ప్రతి రోగికి ఉన్నది. సంతకం పెట్టేముందే అడగండి. వేరే మార్గం ఉన్నదేమో కూడ అడగండి. అడగకముందే చెప్పడం వైద్యుని ధర్మము.

ఇక దానం మాట. నేత్రదానానికి అంగీకరించే కుటుంబాలు సైతం ఎముక అనగానే వెనుకాడుతాయి. అస్థి సంచయనానికి లోపం కలుగుతుందేమోనని భయము. కొన్ని ఎముకలు ఇచ్చినంత మాత్రాన నదిలో కలపడానికి అస్థికలు మిగలకపోవు. పైగా తుంటి కీలు మార్చినప్పుడు తీసివేసే తొడ ఎముక తలను బ్రతికి ఉన్నవారే దానం చేయవచ్చును. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో 1988 నుండి కణజాల బ్యాంకు ఉన్నది. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ కణజాలాలను కూడ తన పరిధిలోకి తెచ్చినది. వెన్నెముకనే ఇచ్చిన దధీచి కథను పిల్లలకు చెప్పే మనము, పారవేయబోయే ఎముకనైనా ఇవ్వడానికి సంకోచించడం తగదు.