వంశవృక్షమూ, వడ్డీ లెక్కా

హాబ్స్‌బుర్గ్ రాజవంశాన్ని గురించి మన విద్యావంతులలో రెండు కథలు ప్రచారంలో వున్నాయి. మొదటిది అభిమానులది: ఆ వంశం కత్తి దూయకుండా, పెళ్ళిళ్ళు చేసుకుంటూనే సగం యూరపును సంపాదించిందట. రెండవది మనవాళ్ళదే, వామపక్షం వారిది: దగ్గర బంధువులను పెళ్ళాడి పెళ్ళాడి ఆ వంశం రక్తం చెడిందట, దవడలు వేలాడాయట, నశించిందట. మొదటి కథ విని భక్తులు చేతులు జోడిస్తారు. రెండవది విని మన విద్యార్థులు పగలబడి నవ్వుతారు. రెండింటిలోనూ వున్న తప్పు ఒక్కటే. రెండూ రక్తాన్ని నమ్మినవే. రక్తం కలిసి రాజ్యం వచ్చిందని ఒకరు, రక్తం చెడి రాజ్యం పోయిందని మరొకరు. ఆ రాజ్యానికి డబ్బు పెట్టిందెవరు, ఆ డబ్బు ఎవరి వీపు విరిచి తెచ్చారు అన్న ప్రశ్న మాత్రం ఇద్దరూ వేయరు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆస్ట్రియా రాజులతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. ప్రబంధాల అవతారికలు ఏటేటా తరగతిలో చెప్పేవాడికి వంశవర్ణన ఏ దేశంలో వున్నా అలికిడి తెలుస్తుంది. పెద్దన కృష్ణరాయల వంశాన్ని చంద్రుడి దాకా తీసుకుపోయాడు. దాదాపు అదే కాలంలో మాక్సిమిలియన్ చక్రవర్తి కొలువులోని పండితులు హాబ్స్‌బుర్గ్ వంశాన్ని ట్రాయ్ వీరుడు హెక్టర్ దాకా, ఆ పైన నోవా దాకా తీసుకుపోయారు. మన కవి అతిశయోక్తిలో కనీసం కావ్యం వుంది.

ఆ పండితులకు ముందే ఈ వంశానికి దొంగ దస్తావేజుల అలవాటు వుంది. 1358–59లో నాలుగవ రుడాల్ఫ్ ప్రభువు, తనకు లేని హక్కులు వున్నట్టుగా పాత చక్రవర్తుల పేర పత్రాలు పుట్టించాడు. వాటిలో జూలియస్ సీజరూ, నీరోనూ ఆస్ట్రియాకు రాసి ఇచ్చినట్టు చెప్పే లేఖలు కూడా వున్నాయి! 1361లో పెట్రార్క్ కవి చూసి, ఇవి పచ్చి కూటపత్రాలని తేల్చి చెప్పాడు. అయితే ఏమైంది? 1453లో ఆ వంశపు మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తి హోదాలో వాటినే ఖాయపరిచాడు. కరణం పుట్టించిన దొంగ పట్టాను కరణం కొడుకు తహశీల్దారై ఆమోదించిన తీరు ఇది.

కత్తి దూయలేదన్నది కూడా అబద్ధమే. ఆస్ట్రియా వారికి దక్కింది 1278లో బొహీమియా రాజు ఒట్టోకార్‌ను యుద్ధంలో చంపిన తరువాత. వంశానికి పేరిచ్చిన కోట వున్న స్విస్ గడ్డ మీద 1315లో మోర్‌గార్టెన్ దగ్గరా, 1386లో సెంపాఖ్ దగ్గరా తన్నులు తిన్నారు; 1415లో ఆ కోట కూడా పోయింది.

ఇక పెళ్ళిళ్ళు. 1477లో మాక్సిమిలియన్ బర్గండీ మేరీని పెళ్ళాడాడు. 1496లో అతని కొడుకు స్పెయిన్ రాకుమార్తె హువానాను పెళ్ళాడాడు. వారి బిడ్డ చార్లెస్‌కు నెదర్లండ్సూ, స్పెయినూ, దాని సముద్రాంతర దేశాలూ సంక్రమించాయి. నిజమే. కాని 1519లో చక్రవర్తి కిరీటం సంక్రమించలేదు, కొనవలసి వచ్చింది. ఓట్లున్న జర్మను ప్రభువులు ఏడుగురు. పోటీకి ఫ్రాన్సు రాజు దిగాడు. వేలంపాటలో ధర పెరిగింది. మొత్తం ఖర్చు సుమారు 8,50,000 ఫ్లోరిన్లు. అందులో 5,40,000కు పైగా ఒక్క షాహుకారు అప్పిచ్చాడు: ఆగ్స్‌బుర్గ్ నగరపు యాకోబ్ ఫుగ్గర్. 1523లో అతను చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. నా సాయం లేకపోతే తమకు ఆ కిరీటం దక్కేది కాదన్నది జగమెరిగిన సంగతే, బాకీ వడ్డీతో సహా ఇప్పించండి అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని ప్రతి చరిత్ర పుస్తకంలోనూ వంశవృక్షానికి ఎదురు పేజీలో అచ్చు వేయాలని నా కోరిక.

ఆ బాకీ చార్లెస్ తన జేబులోంచి తీర్చలేదు. కిరీటం కోసం పన్నులు గుంజారని 1520లో కాస్టీల్ పట్టణాలు తిరగబడ్డాయి. 1521 ఏప్రిల్‌లో విల్యాలార్ దగ్గర వారిని అణిచి, మర్నాడే నాయకుల తలలు తీశారు. స్పెయిన్‌లోని సైనిక మఠాల భూముల శిస్తూ, అల్మదేన్ పాదరసపు గనులూ ఫుగ్గర్ ఇంటికి ఇజారాకు వెళ్ళాయి. 1525లో జర్మను రైతులు తిరగబడినప్పుడు వారిని ఊచకోత కోసిన ప్రభువుల కూటమికి కూడా ఫుగ్గర్ డబ్బు అందింది. ఆ రోజులలో తిరోల్ రైతుల నాయకుడు మిఖాయెల్ గైస్‌మైర్ 1526లో ఒక రాజ్యాంగ ముసాయిదా రాశాడు. ఫుగ్గర్ వంటి కంపెనీల చేతిలోని గనులను లాక్కుని ప్రజల ఉమ్మడి ఆస్తి చేయాలని అందులో వుంది. గుర్రం ఎక్కిన రాజును కాదు, ఆ గుర్రానికి గడ్డి కొనిపెట్టినవాణ్ణి గురిచూసిన మనిషి అతను. 1532లో పాదువాలో అతన్ని హంతకులతో చంపించారు.

పొతోసి వెండిని గురించి వేరే వ్యాసమే రాయాలి. రెండవ ఫిలిప్ పాలనలో, 1573 నుంచి, ఆండీస్ గ్రామాల మగవాళ్ళను ఏటా 13,000 మందికి పైగా ఆ కొండలోకి నిర్బంధంగా దింపారు. అంత వెండి వచ్చినా 1557, 1575, 1596 సంవత్సరాలలో ఆ రాజు దివాలా ప్రకటించాడు. దిగిన వెండి దిగినట్టే అప్పులవాళ్ళ పెట్టెల్లోకి పోయింది.

ఇప్పుడు మనవాళ్ళ దవడ కథ చూద్దాం. స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ మేనరికాల ఫలితంగా పుట్టుకతోనే రోగిష్ఠి, సంతానం లేకుండా 1700లో చనిపోయాడు. సరే. ఆ తరువాత స్పెయిన్‌లో ఏం పోయింది? బూర్బన్ వంశం వచ్చి అదే సింహాసనం మీద కూర్చుంది; రైతుకు శిస్తు శిస్తే. ఆస్ట్రియాలో కూడా 1740లో ఆరవ చార్లెస్‌తో మగ సంతతి ఆగిపోయింది. అతని కూతురు మరియా థెరీసా లొరేన్ ప్రభువును పెళ్ళాడింది. వారి బిడ్డలు తండ్రివైపు నుంచి లొరేన్ వంశీకులే. అయినా హాబ్స్‌బుర్గ్ అన్న పేరు మరో 178 సంవత్సరాలు రాజ్యం చేసింది! సంస్థకు రక్తం కాదు, బోర్డు కావాలి. రోగిష్ఠి రాజును చూసి నవ్వేవాడు, తెలియకుండానే, ఆరోగ్యవంతుడైన రాజుకు దణ్ణం పెట్టడానికి సిద్ధపడుతున్నాడు.

ఆ బోర్డు వెనక వున్నది వెట్టి. బొహీమియాలో దానిని రొబోతా అన్నారు. యంత్రమానవుడికి మనం వాడే రోబో అన్న మాటను 1920 నాటి కారెల్ చాపెక్ నాటకం అక్కడినుంచే తీసుకుంది. 1775లో బొహీమియా రైతులు తిరగబడితే, దయామయి అని పేరుపొందిన మరియా థెరీసా వెట్టిని వారానికి మూడు రోజులకు పరిమితం చేసింది. ఏడింట మూడు! అది పూర్తిగా పోవడానికి 1848 విప్లవం కావలసి వచ్చింది. పోయినా, దొరలకు నష్టపరిహారంలో ఒక వాటా రైతే కట్టాడు. 1948 చట్టం కింద మన జమీందార్లకు ముట్టిన పరిహారం ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనపడదు. అదే 1848 అక్టోబరు చివర చక్రవర్తి సైన్యం వియన్నా మీద ఫిరంగులు పేల్చింది. మరుసటి ఏడు హంగరీని అణచడానికి రష్యా జారును పిలిచి, అక్టోబరు 6న ఆరాద్‌లో పదమూడుగురు సేనానులను చంపింది.

ఇక్కడ అభిమానులు ఒక బలమైన మాట అంటారు. వారి పాలనలో జర్మన్లూ, చెక్కులూ, పోలులూ, యూదులూ ఒకే కప్పు కింద బతికారు. అది కూలాక వచ్చింది హిట్లర్ గదా అని. యూదు రచయిత యోసెఫ్ రోత్ బాధ బూటకం కాదు, దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. యూదు ద్వేషి కార్ల్ లూగర్‌ను వియన్నా మేయరుగా ఫ్రాంజ్ యోసెఫ్ పదేపదే నిరాకరించిన మాటా నిజమే. కాని 1897లో ఒప్పుకున్నదీ అతనే. లూగర్ నడిపిన ఆ నగరంలోనే యువకుడు హిట్లర్ బతికి పాఠం నేర్చుకున్నాడు. ఇక 1914 జూలై 28న సెర్బియా మీద యుద్ధప్రకటన మీద సంతకం ఎవరిది? ఆ కప్పును కూల్చినవాడు ఇంటి యజమానే. ఆ సంతకానికి అతని ప్రజలలో పదిలక్షల మందికి పైగా బలయ్యారు.

అది కూలిన తీరులోనూ దవడ లేదు. 1918 జనవరి 14న పిండి రేషను తగ్గించగా వీనర్ నోయ్‌స్టాట్ కార్మికులు పని ఆపారు. కొద్ది రోజుల్లో లక్షల మంది వీధిలోకి వచ్చారు. ఫిబ్రవరి 1న కత్తారో రేవులో యుద్ధనౌకల మీద నావికులు ఎర్రజెండాలు ఎగరేసి శాంతి కావాలన్నారు. ఫిబ్రవరి 11న వారిలో నలుగురిని కాల్చి చంపారు: ఫ్రాంతిషెక్ రాష్, యెర్కో షిజ్గోరిచ్, ఆంతె గ్రబార్, మాతె బ్ర్నిచెవిచ్.

2011 జూలై 16న కడపటి యువరాజు ఒట్టోను వియన్నాలో వంశసమాధిలోకి తీసుకుపోయారు. తలుపు తడితే లోపలి సన్యాసి ఎవరని అడిగాడు. బయటినుంచి ఒకప్పటి బిరుదులన్నీ చదివారు. అతన్ని మేమెరగం అన్నాడు. చివరకు పాపి అయిన మానవుడు అన్నాక తలుపు తెరిచారు. వినయానికి ఇంతకంటే నిదర్శనం వుందా అని అభిమానులు కన్నీరు పెట్టుకున్నారు. అక్కడ చదివిన బిరుదులలో దల్మాషియా కూడా వుంది. కత్తారోలో కాల్చిన నలుగురిలో దల్మాషియా తీరం వాళ్ళు వున్నారు. వాళ్ళ పేర్లు అడిగిన సన్యాసి లేడు.