గాలికుంటు టీకా: నాణ్యతను కొలవవలసింది ఎక్కడ?

పశువుల టీకా గురించి సేద్య విభాగపు ఆచార్యుడు రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. వినుకొండ ప్రాంతపు పత్తి, మిరప చేలలో ఎద్దులతోనే గుంటక తోలుకొనే రైతులు ఇంకా ఉన్నారు. గాలికుంటు సోకి గిట్టల మధ్య పుండ్లు పడితే ఆ జత కాడి కిందికి రాదు. వాన వెలిసిన తరువాత అంతరకృషికి పదును నిలిచేది కొద్ది రోజులే. అది దాటితే చేను కలుపు పాలవుతుంది.

మన దేశంలో వేసేది ఓ, ఎ, ఏషియా-1 రకాల మృత వైరస్‌లను నూనెతో కలిపి తయారుచేసిన టీకా. ఈ వైరస్ ప్రొటీన్ కవచం 12 పలకల కూర్పు. పలకల మధ్య అతుకు బలహీనమైనది. వేడికి, ఆమ్లతకు విడిపోతుంది. విడిపోయిన తరువాత కూడా సీసాలో ప్రొటీన్ అంతా ఉంటుంది, రంగు మారదు, కానీ పశువులో రోగనిరోధక స్పందన బాగా తగ్గిపోతుంది. మన దేశంలో ఎక్కువగా వ్యాధి కలిగించే ఓ రకమే ఈ విషయంలో ఎ రకం కంటే సున్నితమైనది కావడం మన దురదృష్టం.

2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఎ రకం కవచంలో, సరిగ్గా ఈ అతుకు వద్ద, ఒక హిస్టిడిన్ స్థానంలో సిస్టీన్‌ను ఉంచారు. ఎదురెదురు పలకల సిస్టీన్ల మధ్య గంధకపు బంధం ఏర్పడి కవచం వేడికి నిలిచింది. జన్యుపదార్థం లేని ఖాళీ కవచం కాబట్టి తయారీలో సజీవ వైరస్ అవసరమూ లేదు. అయితే ఎ రకంలో ఫలించిన మార్పు ఓ రకంలో యథాతథంగా ఫలించదు. ఆ రకానికి అదే తావులో వేరే మార్పులు వెతకవలసి వచ్చింది. అతుకు ఎంత గట్టిదైనా, ఊరిలో తిరిగే వైరస్‌తో టీకా రకం సరిపోలకపోతే ప్రయోజనం స్వల్పమే.

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశు వ్యాధి నియంత్రణ కార్యక్రమం సమీక్షల్లో మనం తరచుగా అడిగేది ఎన్ని పశువులకు సూది వేశారని. సూదిలోని కవచాలు ఎన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయని అడగము. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వినుకొండలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. విత్తనం విషయంలో సంచిపై ముద్రించిన మొలక శాతంతో మనం తృప్తిపడము, చేలో మొలిచినవి లెక్కిస్తాము. టీకాకు మాత్రం కర్మాగారపు ధ్రువపత్రమే చాలునా?

కొనుగోలు నిబంధనల్లో, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద కొన్ని గంటలు ఉంచిన తరువాత మిగిలే పూర్తి కవచాల పరిమాణాన్ని తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. అప్పుడే స్థిరమైన కవచాలపై పెట్టుబడి పెట్టేందుకు తయారీదారుకు కారణం దొరుకుతుంది. ఆ కొలతకు చక్కెర సాంద్రతా ప్రవణత పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. ‘సూది వేయించినా వచ్చింది’ అన్న రైతును అపోహపరుడిగా రాసుకొనే ముందు, ఆ ఊరికి వెళ్లిన చివరి ఐసు పెట్టెలో మిగిలిన సీసాలను తెప్పించి పరీక్షించాలి. ఒక స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు అది చాలినంత పని.